సైన్యం రావాలంటే సంతకం ఎవరిది?

కూలి పనికి పోయిన మన కామాటోళ్ల పేరుతోనే ముంబైలో కామాటిపుర వెలిసింది. దాన్ని ఆనుకునే నాగ్‌పాడా. 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్లలో దెబ్బతిన్న ప్రాంతాల్లో అదీ ఒకటి. నగరంలో 900 మంది చనిపోయారు. సైన్యం వీధుల్లోకి వచ్చినా మంటలు ఆరలేదు. గవర్నరు ఒక్క మాట చెబితే అయిపోయేది కదా అనుకుంటారు చాలామంది. చట్టం అలా లేదు.

రాష్ట్ర పాలన గవర్నరు పేరిట నడిచినా, 53వ అధికరణం ప్రకారం త్రివిధ దళాల సర్వాధిపతి రాష్ట్రపతే. గవర్నరు ఢిల్లీకి నివేదిక పంపగలరు, అంతే. రాష్ట్రపతి పాలన పెట్టినా సైన్యం ఆయన చేతికి రాదు.

మరి పిలిచేదెవరు? రాష్ట్ర ప్రభుత్వం. మూకను చెదరగొట్టమని సైన్యాన్ని కోరేది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. అప్పట్లో సీఆర్‌పీసీ 130వ సెక్షన్; 2024 జూలై నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 149.

సైన్యాన్ని గట్టిగా వాడే ఆదేశాలివ్వడంలో అప్పటి ముఖ్యమంత్రి సుధాకర్‌రావు నాయక్ నాలుగు విలువైన రోజులు పోగొట్టారని 1998లో వెలువడిన శ్రీకృష్ణ కమిషన్ నివేదిక తప్పుపట్టింది. చాళ్లలో తలుపులు బిగించుకుని కూర్చున్నోళ్లకు ఆ నాలుగు రోజులే ప్రాణం. అందుకే నిలదీయాల్సింది రాజ్‌భవన్‌ను కాదు, మంత్రాలయను.