సాగరు నీళ్లు, క్వారీ గుంతలు

మన పల్నాటి కుటుంబాలు ఊరు దాటేది ఎందుకోసమో ఒకసారి లెక్కవేసి చూడండి. పెండ్లి, ఆసుపత్రి, మిరపకాయ టిక్కీల వెంట గుంటూరు యార్డు, ఏడాదికొకసారి మహాసభలు. అంతే. తల్లి, తండ్రి, పిల్లలు కలిసి ఏ పనీ పెట్టుకోకుండా ఒక్క పూట నీటి ఒడ్డున కూర్చుందామని బయలుదేరిన ఇళ్లు మన సంఘాలలో ఎన్ని ఉన్నాయి? "అదంతా పట్నం వాళ్ల ముచ్చట అయ్యగారూ" అంటారు మనవారు. కాని ఆ పట్నం వాళ్లు శని, ఆదివారాలలో మూడు నాలుగు గంటలు ప్రయాణం చేసి చూడవచ్చేది మన పొలాలకు నీరిచ్చే సాగరునే. పిడుగురాళ్ల వారికి అది మాచర్ల మీదుగా ఒక పూట ప్రయాణం కూడా కాదు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదిలారు. మన వైపు పారే కుడి కాలువకు జవహర్ కాలువ అని, ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేర్లు. నాలుగు వందల అడుగుల పైచిలుకు ఎత్తున, ఎక్కువగా రాతితోనే, మనుషుల చేతులతో లేచిన కట్టడం అది. తట్టలు మోసినవారిలో మన తాతలు, అమ్మమ్మలు ఉన్నారు. మీ ఊళ్లో ఆ తరంవారు ఎవరైనా మిగిలి ఉంటే తప్పక అడిగి చెప్పించుకోండి. పిల్లలకు పాఠ్యపుస్తకంలో దొరకని చరిత్ర అది.

సండేస్కూలు పిల్లలకు గలిలయ సముద్రము గురించి చెప్పేటప్పుడు వారు బంగాళాఖాతమంతటి నీటిని ఊహించుకుంటారు. నిజానికి దాని వైశాల్యం 166 చదరపు కిలోమీటర్లు. సాగర్ జలాశయం నిండుగా ఉన్నప్పుడు సుమారు 285 చదరపు కిలోమీటర్లు. పేతురు, ఆంద్రెయలు వలలు వేసిన నీళ్లు మన సాగరు కంటె చిన్నవని చెప్పి చూడండి, పిల్లల కళ్లు ఎంత పెద్దవవుతాయో!

జలాశయం నిండు మట్టం 590 అడుగులు. పైనుండి వరద వచ్చి మట్టం అక్కడికి చేరితే గేట్లు ఎత్తుతారు. గేట్లు మొత్తం 26. వాటిని చూడాలంటే ఆగస్టు నుండి అక్టోబరు మధ్య వెళ్లాలి. అది కూడా ఆ ఏటి వానలను బట్టి. మనకు అది అనుకూలమైన కాలమే. మిరప నారు నాటడం అయిపోయి, పత్తి తీతలు ఇంకా జోరందుకోని రోజులు ఒకటి రెండు దొరుకుతాయి. మే నెలలో మాత్రం వెళ్లకండి. దారిలో ఉన్న రెంటచింతల ఎండకు పేరుపొందిన ఊరని మీకు వేరే చెప్పనక్కరలేదు.

విజయపురి సౌత్ నుండి లాంచీ ఎక్కితే నాగార్జునకొండ చేరవచ్చు. ఇప్పుడు దీవిలా కనబడే ఆ కొండ ఒకప్పుడు లోయ నడుమ నిలిచిన కొండ. మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. ఆనకట్ట కడితే అంతా మునిగిపోతుందని తెలిసి 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. దొరికిన శిల్పాలను కొండమీది మ్యూజియంలో ఉంచారు. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీద, ఇటు ఒడ్డున అనుపులో తిరిగి పేర్చారు. అనుపులో మెట్లు మెట్లుగా కట్టిన ఒక ప్రదర్శనశాల ఉంది. పిల్లలను మెట్లమీద కూర్చోబెట్టి ఒకరిని నడుమ నిలబెట్టి మాట్లాడించండి. మైకు లేకుండా మాట ఎంతవరకు వినబడుతుందో వారికే తెలుస్తుంది. (మన మైకుసెట్ల వారు కూడా వెళ్లి వింటే మంచిదేమో!)

అక్కడికి దగ్గరలోనే ఎత్తిపోతల. చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుండి పడుతుంది. పైనుండి చూచి రావలసిన చోటు అది. కింద మడుగులో మొసళ్లు ఉన్నాయి. మొసళ్లను పెంచే కేంద్రం కూడా అక్కడే ఉంది. కాబట్టి స్నానాల ఆలోచన పెట్టుకోవద్దు.

జనసందడి అక్కరలేని వారికి పులిచింతల. పిడుగురాళ్లకు ఉత్తరాన, బెల్లంకొండ మీదుగా దారి. 2013 డిసెంబరులో ప్రారంభమైన ఈ ప్రాజెక్టుకు ఇంజనీరు కె.ఎల్. రావు గారి పేరు పెట్టారు. 45 టీఎంసీలకు పైగా నీరు పడుతుంది. ఆ నీరు మన చేలకు కాదు, ప్రధానంగా కింది కృష్ణా డెల్టాకు. ఇటు గుంటూరు వైపు, అటు నల్గొండ వైపు ఎన్నో ఊళ్లు ఆ నీటి కింద ఉన్నాయి. ఆ ఊళ్లవారు ఇప్పుడు పునరావాస కాలనీలలో కాపురముంటున్నారు. మీ బంధువులలో అట్టివారు ఉంటే వారిని వెంటబెట్టుకొని వెళ్లండి. మీకు నీళ్లు మాత్రమే కనిపించే చోట వారు చింతచెట్టు, చేదబావి, పొలం గట్టు చూపిస్తారు.

ఇంకా దూరం పోగలిగితే ప్రకాశం వైపు కంభం చెరువు ఉంది. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల నడుమ కట్టిన చెరువు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దానిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ గుండ్లకమ్మలోనే, కింద వెల్లంపల్లి దగ్గర, 1878 జూలై 3న ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందారు. జాన్ క్లౌ దొరగారి కాలం నాటి సంగతి. మనలో చాలమంది ముత్తాతలు ఆ రోజులవారే.

ఇంత దూరం చెప్పి, అసలు భయపెట్టే నీళ్ల గురించి చెప్పకపోతే నేను ఈ వ్యాసం వ్రాయడం దండుగ. మన పిల్లలు ఈతకు వెళ్లేది సాగరుకు కాదు. ఊరి పక్కనున్న సున్నపురాయి క్వారీ గుంతకు. బడి లేని మధ్యాహ్నం, పెద్దవాళ్లు మిరప చేలో ఉన్న వేళ, చొక్కాలు గట్టున పెట్టి దూకుతారు. నా సేవాకాలంలో అట్టి పిల్లల భూస్థాపన ఆరాధనలు నేను జరిపించాను. ఆ తల్లుల ముందు ఏ వాక్యము చదవాలో ఏ బైబిలు తరగతిలోను నేర్పరు.

చెరువుకు వాలు ఉంటుంది. అడుగు అడుగుగా లోతు తెలుస్తుంది. క్వారీని రాయికోసం నిలువునా కోస్తారు గనుక దానికి గట్టు ఉంటుందిగాని ఒడ్డు ఉండదు. ఒక అడుగు దాటితే ముప్పయి అడుగులు ఉండవచ్చు. పైనీరు వెచ్చగా, లోపలి నీరు చల్లగా ఉండి కాళ్లు కొంకర్లు పోతాయి. తిరిగి ఎక్కడానికి చేతికి పట్టు దొరకదు. కాలువ సంగతి మరొక రకం. సిమెంటు వాలుమీద పాచి పట్టి ఉంటుంది. బట్టలు ఉతకడానికి దిగిన ఆడవాళ్లే జారిపోతారు. పైకి నెమ్మదిగా కనబడిన నీరు అడుగున లాగుతుంది.

ఎవరైనా మునుగుతుంటే ఈతరాని అన్న తమ్ముని కోసం దూకడం, తండ్రి వారిద్దరి కోసం దూకడం, ఒక్క ఇంటినుండి రెండు మూడు పాడెలు లేవడం మనము విన్నదే. దూకవద్దు. చీరగాని, తాడుగాని, పొడవాటి కర్రగాని అందించాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా విసిరినా పట్టుకొని తేలుతారు. పైకి తీసిన తరువాత తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. అది విలువైన నిమిషాలను పోగొట్టడమే. ఊపిరి ఆగితే వెల్లకిల పడుకోబెట్టి, ముక్కు మూసి నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, రొమ్ము నడుమ బలంగా, వేగంగా నొక్కుతూ ఉండాలి, మరొకరు 108కి ఫోను చేయాలి. యౌవనస్థుల కూటాలలో ఒక సాయంకాలం ప్రభుత్వ ఆసుపత్రి సిబ్బందిని పిలిచి ఇది చేసి చూపించుకుంటే ఎంతో మేలు. క్వారీ గుంత చుట్టూ కంచె వేయించమని పంచాయతీకి అర్జీ పెట్టడం కూడా సంఘ పెద్దలు చేయదగిన పనే.

పడవల విషయం కొద్దిగా. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు వారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అనుమతి లేని పడవ ఎక్కకండి. లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని మధ్యలో విప్పకండి. గాలివాన సూచనలుంటే లాంచీ ఆపివేస్తారు. అప్పుడు సిబ్బందితో గొడవపెట్టుకోక అనుపు చూచి రండి.

ఖర్చు పెద్దదేమీ కాదు. పులిహోర, పెరుగన్నం కట్టుకొని, తాగునీళ్లు పట్టుకొని తెల్లవారుజామున బస్సెక్కితే, మొదటి లాంచీకి కొండకు వెళ్లి, అనుపు, ఎత్తిపోతల కూడా చూచుకొని రాత్రికి ఇల్లు చేరవచ్చు. పండుటాకులైన పెద్దవాళ్లను ఇంట్లో వదలకండి. కొండమీద నడక కాస్త ఉన్నా, చెట్ల నీడ ఉంది. శుక్రవారం మాత్రం పెట్టుకోవద్దు, ఆ రోజు మ్యూజియం మూసి ఉంటుంది.