పండుగ సందడిలో పసిబిడ్డ

శ్రీకృష్ణుడు పసితనమున శకటమును తన్ని కూల్చిన కథ మనమందఱము ఎఱిగినదే. ఆ బండి క్రింద పిల్లవాడు ఏల పరుండియుండెనో మాత్రము మనము అంతగా ఆలోచింపము. భాగవత దశమస్కంధమును చూడుడు. ఆ దినము నందునింట వేడుక. బిడ్డ బోరగిలబడినందులకు పేరంటాండ్రు వచ్చియుండిరి. కనులు మూతలుపడుచున్న బిడ్డను యశోద పరుండబెట్టి, వచ్చినవారిని గౌరవించు పనిలో మునిగిపోయెను. బిడ్డ మేలుకొని పాలకై యేడ్చెను. ఆ సందడిలో తల్లికి వినబడలేదు. మా తండ్రిగారు నాకు ఈ ఘట్టము చదివించిననాడు నా మనస్సంతయు రాక్షసునిపైననే యుండెను. ఇద్దఱు బిడ్డల తల్లినైన పిదప చదివినప్పుడు ఆ యేడుపే నా చెవిని పడినది.

2016వ సంవత్సరపు సంక్రాంతికి మా పెద్దవానికి అయిదవ మాసము. రాత్రి బస్సులో బయలుదేరి కోనసీమలోని మా అత్తవారి గ్రామము చేరితిమి. మఱునాడు భోగి. తెల్లవారుజామున నాలుగు గంటలకే, నిద్రించుచున్న బిడ్డను లేపి, సెగ తగులవలెనని మంటయొద్దకు కొనిపోయిరి. పిడకలును తాటాకులును చాలక, వీధిపిల్లలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ నొకదానిని గూడ అందు వైచిరి. ఆ నల్లని పొగకు బిడ్డ దగ్గసాగెను. అటుపిమ్మట తలంటు, ఆపై మేనత్తలు, చిన్నతాతలు, ఇరుగుపొరుగువారు ఒకరి చేతినుండి యొకరు అందుకొనుట, సెల్‌ఫోనులతో ఫోటోలు తీయుట. నేను బూరెల మూకుడు ముందు కూర్చుంటిని. పాలవేళ దాటిపోవుచుండెను. బిడ్డ యేడుపు నాకు వినబడుచునే యున్నది. పదిమందిలో లేచిపోవుటకు మొగమాటము అడ్డువచ్చెను. యశోదకు వినబడలేదు. నేను వినియు లేవలేదు.

సాయంకాలము, గీచుకొనుచున్న సరిగచొక్కాతో వానిని మా ఆడుబిడ్డ ఒడిలో కూర్చుండబెట్టి, రేగుపండ్లు, చెఱకుముక్కలు, చిల్లర నాణెములు, నానబెట్టిన సెనగలు కలిపి తలపై పోసిరి. వాడు కెవ్వున నోరు తెఱచిన సమయముననే ఒక సెనగగింజ నోటబడెను. పెదవులయొద్దనే కనబడుచుండుటచేత దానిని తీసివేయగలిగితిని. అరక్షణము ఆలస్యమై అది గొంతునకు జాఱినచో ఏమగునో తలచుకొన్నచో నేటికిని నా చేతులు చల్లబడును.

ఆ రాత్రి రెండు గంటలవఱకు వాడు ఏడ్చెను. ఎవరో దిష్టి తగిలినదనిరి. ఎవరో కడుపునొప్పి యనిరి. అత్తగారు తేనె నాకింపబోయిరి. ఆ యొక్కచోట మాత్రము నాకు నోరు వచ్చినది. సంవత్సరము నిండని శిశువునకు తేనె చుక్కైనను పనికిరాదు. అందుండు ఒకజాతి సూక్ష్మజీవుల బీజములు పసిపేగులలో మొలకెత్తి, కండరములను చచ్చుపఱచు విషమును పుట్టింపగలవు. ఆఱు మాసములు నిండువఱకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కఱలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బిడ్డకు కావలసినది తేనె కాదు, దిష్టి తీయుటయు కాదు, నిద్ర. నాలుగు మొదలు పదునొకండు మాసముల శిశువునకు పగటి కునుకులతో కూడ దినమునకు 12 మొదలు 16 గంటల నిద్ర కావలెను. ఆ దినమున మావాడు అందులో సగమైనను పోయెనో లేదో!

బిడ్డ అలసినప్పుడు ఏడ్పునకు ముందే చెప్పును. ముఖము ప్రక్కకు త్రిప్పుకొనును, పిడికిళ్ళు బిగించును, ఆవులించును, వీపును విల్లువలె వంచును. ఆకలియైనచో పిడికిలిని నోటికి చేర్చి వెదకును. ఏడ్పు కడపటి మాట. ముఖము త్రిప్పుకొన్నప్పుడే ఎత్తుకొని చీకటిగదికి పోయినచో పావుగంటలో కుదుటబడువాడు, మఱి యిద్దఱు ముద్దాడినపిదప రెండుగంటలైనను ఊరడిల్లడు. పడకపై వెల్లకిల పరుండబెట్టుడు. చుట్టును దిండ్లు పేర్పవద్దు. జలుబు చేసినవారిని ముద్దాడవద్దనుట మర్యాదతప్పు కాదు. కాటుకలు కొన్నింటిలో సీసముండుటచే కంటికి పెట్టకుండుటయే మేలు.

గొంతున ఏదైన అడ్డుపడి బిడ్డ ఏడ్వలేక, ఊపిరి తీయలేక యున్నచో, కనబడని దానికై వ్రేలు పెట్టి వెదకరాదు. అది మఱింత లోపలికి పోవును. ఏడాదిలోపు బిడ్డనైనచో ముంజేతిపై బోరగిల, తల పల్లముగా పట్టుకొని, అఱచేతి మడమతో భుజముల నడుమ అయిదుమాఱులు చఱచవలెను; రాకున్న వెల్లకిల త్రిప్పి, ఱొమ్ము నడుమ ఒక చేతి మడమతో అయిదుమాఱులు నొక్కవలెను. అది వెలికి వచ్చువఱకు రెండింటిని మార్చి మార్చి చేయవలెను. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయవలెను. పేరంటమునకు పిలుచువారిలో ఒక్కరైనను దీనిని నేర్చియుండుట మంచిది.

2020లో మా అమ్మాయికి నాలుగు మాసముల ప్రాయమున మఱల భోగి వచ్చెను. ఈమాఱు మంటలచెంత కాక, పదిదినములు ముందుగానే ఫోనులో అత్తగారితో మాటలాడితిని. “అత్తయ్యగారూ, పాలవేళకు నేను వంటయింటిలోనుండి లేచిపోయెదను, భోగిపండ్లలో పూలఱేకులే పోయుదము” అంటిని. కోపగింతురేమోయని గుండె దడదడలాడుచుండెను. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప, “మీ ఆయన పసివాడుగా ఉన్నప్పుడు భోగినాడంతా ఏడుస్తూనే ఉన్నాడు అమ్మాయీ. మా అత్తగారి ముందు నాకు నోరెక్కడిది?” అనిరి.

ఆ భోగినాడు పడమటింటి గది తలుపు వేసి, కిటికీకి నా పాతనూలుచీర కట్టి, బిడ్డను పరుండబెట్టితిమి. మేము వీధిమంటకు పోయినప్పుడు అత్తగారే ఇంట నిలిచిరి. మధ్యాహ్నము గంగిరెద్దువాడు సన్నాయితో గుమ్మములోనికి రాగా, ఆమె సోలెడు బియ్యము పట్టుకొని ఎదురేగి, పొరుగిల్లు దాటువఱకు సన్నాయి ఊదవద్దని బ్రతిమాలుకొనిరి! సాయంకాలము అమ్మాయి పాలుత్రాగి, నిద్ర తీరి, నవ్వుచున్న వేళ చూచి, బంతిపూలఱేకులు గుప్పెడు గుప్పెడుగా పోసిరి. అది ఒక ఱేకును పట్టుకొనబోవగా, నోటికి చేరకమునుపే అత్తగారు లాగివైచిరి. పేరంటము ఇరువది నిమిషములలో ముగిసినది. ముందుదినము అలవాటు చొప్పున నానవేసిన సెనగలను గుగ్గిళ్ళు చేసి, వచ్చినవారందఱికి పంచిపెట్టితిమి.