పట్టకం, వరదగుడి, గుంటూరు గ్రహణం

పట్టకం అంటే మూడు పలకలుగా అరగదీసిన గాజు దిమ్మ. దానిమీద సన్నని ఎండ పొడ పడితే అవతలి గోడమీద ఎరుపు మొదలు ఊదా వరకు రంగుల పట్టీ కనబడుతుంది. ఈ రంగులు గాజులోంచి వచ్చాయా, ఎండలోంచి వచ్చాయా అన్న ప్రశ్న పెద్ద పెద్ద పండితులనే చాలాకాలం తికమక పెట్టింది. జవాబు తెలిశాక, దాని ఆధారంతో సూర్యుడిలో ఏముందో పరిశీలించిన చోట్లలో మన పెద్దలు వదిలివచ్చిన తెలుగు నేల కూడా ఒకటి. అందుకే ఈ సంగతి మన పిల్లలకు చెప్పదగ్గది.

ముందుగా కాంతి ఎందుకు వంగుతుందో చూద్దాం. కాంతి గాలిలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. మామూలు గాజులో ఆ వేగం సుమారు 2 లక్షల కిలోమీటర్లకు తగ్గుతుంది. చెరకు బండి గట్టి బాట దిగి ఏటవాలుగా ఇసుకలో ప్రవేశించిందనుకోండి. ముందు దిగిన చక్రం నెమ్మదిస్తుంది. రెండోది ఇంకా గట్టి నేలమీదనే ఉంటుంది కనుక వేగంగానే వస్తుంది. దాంతో బండి ముందు దిగిన చక్రం వైపుకు మళ్లుతుంది. కాంతి గాజులోకి ఏటవాలుగా దిగినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. దీన్నే వక్రీభవనం అంటారు. తిన్నగా దిగితే మలుపు ఉండదు.

మరి కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో రంగులు ఎందుకు కనబడవు? అద్దం రెండు ముఖాలూ సమాంతరంగా ఉంటాయి. లోపలికి వచ్చేటప్పుడు కిరణం ఎంత వంగిందో, బయటికి పోయేటప్పుడు అంతా సరిపడిపోతుంది. పట్టకం ముఖాలు ఒకదానికొకటి వాలి ఉంటాయి. అందుచేత కిరణం రెండోసారి కూడా అదే దిక్కుకు, అంటే దిమ్మ మందంగా ఉన్న అడుగు వైపుకు, వంగుతుంది. గాజులో ఎరుపు కంటె ఊదా మరికాస్త ఎక్కువ నెమ్మదిస్తుంది. కనుక ఊదా ఎక్కువగా, ఎరుపు తక్కువగా వంగి విడిపోతాయి.

ఇంగ్లండులో న్యూటన్ పట్టకాలతో చేసిన ప్రయోగాలను 1672లో ప్రకటించాడు. రంగుల పట్టీలోంచి ఒక్క రంగును వేరుచేసి రెండో పట్టకంలోకి పంపితే, అది మళ్లీ వంగింది గాని కొత్త రంగు పుట్టలేదు. విడిపోయిన రంగులను తిరిగి కలిపితే తెల్లని వెలుగే వచ్చింది. అంటే గాజు రంగు పూయడం లేదు. ఎండలో ఉన్న రంగులనే విడదీసి చూపిస్తున్నది.

ఈ పని ఆకాశంలో గాజు లేకుండానే జరుగుతుంది. ఈ వ్యాసం రాస్తున్న ఫార్మింగ్టన్ హిల్స్, మిచిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగరానికి వాయవ్యాన ఉన్న ఊరు. ఇక్కడి చలికాలంలో ఒక్కొక్కనాడు సూర్యుడికి ఇరుపక్కలా రెండు దొంగ సూర్యులు వెలుగుతాయి. వాటి లోపలి అంచు, అంటే సూర్యుడి వైపు అంచు, ఎర్రగా ఉంటుంది. దీనికి కారణం గాలిలో తేలే మంచు పలుకులు. అవి ఆరు పలకలవి. ఒక పలక విడిచి ఒక పలకను తీసుకుంటే ఆ రెండింటి మధ్య 60 డిగ్రీల కోణం ఏర్పడుతుంది. అంటే ప్రతి పలుకూ ఒక బుల్లి పట్టకమే. అది కాంతిని సుమారు 22 డిగ్రీలు వంచుతుంది. చెయ్యి బారజాపి పట్టిన జానెడంత దూరం అది. తక్కువగా వంగే ఎరుపు లోపలి అంచున ఉంటుంది.

పలుకులు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటే దొంగ సూర్యులకు బదులు పూర్తి వలయం ఏర్పడుతుంది. అదే మన పెద్దలు చెప్పే వరదగుడి. మారిషస్, ఫిజీ, నాటాల్ వంటి వెచ్చని చోట్ల కూడా బాగా ఎత్తున ఉండే పల్చని మబ్బులు మంచు పలుకులే. కనుక చెరకు తోటలమీదా వరదగుడి కడుతుంది. గుడి కడితే వాన వస్తుందనే మాట ప్రతిసారీ నిజం కాదు. అయినా వాన మబ్బుల కంటె ముందు ఇలాంటి పల్చని మబ్బులు తరచుగా వస్తాయి గనుక, అది ఉత్త నమ్మకమూ కాదు.

ఇక గుంటూరు సంగతి. పొయ్యి మంటలో ఉప్పు పడితే మంట పసుపుగా మారడం మనం చూస్తాం. అది ఉప్పులోని సోడియం రంగు. ఏ మూలకాన్ని వేడిచేసినా పట్టకంలో దానికే చెందిన గీతలు కనబడతాయని 1859 ప్రాంతంలో జర్మనీలో కిర్చాఫ్, బున్సెన్ తేల్చారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు జిల్లాల మీదుగా పోయింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, ఇంగ్లీషు అధికారి టెన్నెంట్ గుంటూరులోను, మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ మచిలీపట్నంలోను పరికరాలు నిలిపారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును పట్టకాలలోంచి చూసి, వాటిలో మెరిసే గీతలున్నాయని కనుగొన్నారు. ఆ గీతలు ఎంతో ప్రకాశవంతంగా ఉండడంతో జాన్సెన్ మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూడగలిగాడు.

ఆ గ్రహణంలో కనబడిన పసుపు గీత సోడియానిది అనుకున్నారు. అది సోడియం గీతతో సరిపోవడం లేదని ఇంగ్లండులో లాకియర్ అదే ఏడాది గుర్తించాడు. సూర్యుడి గ్రీకు పేరునుబట్టి ఆ కొత్త మూలకానికి హీలియం అనే పేరు వచ్చింది. భూమిమీద రామ్సే దాన్ని 1895లో పట్టుకున్నాడు. హీలియంను గుంటూరులోనే కనుగొన్నారని కొందరు అంటారు. పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం మంచిది: దారి తీసిన పరిశీలనల్లో గుంటూరుకు, మచిలీపట్నానికి చోటుంది. ఆ మాట చాలు, గర్వించదగిందే.

అప్పటికి ఎనిమిదేళ్ల ముందు, 1860 నవంబరు 16న, మద్రాసునుంచి వెళ్లిన ట్రూరో ఓడ ఒప్పంద కూలీలతో డర్బను చేరింది. మారిషస్‌కు అంతకు ముందునుంచే మనవాళ్లు వెళుతున్నారు. ఓడ పట్టీలలో వారి పక్కన ఒక అంకె, ఊరు, జిల్లా పేరు రాశారు. అక్కడ కూలీల పుట్టిల్లుగా కనబడే ఆ తీరపు జిల్లాలు సూర్యుడి చరిత్రలో కూడా ఉన్నాయని మన పిల్లలకు తెలియాలి.

పట్టకం దొరకకపోతే వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, ఒక చిన్న అద్దాన్ని సగం మునిగేలా ఏటవాలుగా నిలిపి ఎండలో పెట్టండి. నీరే పట్టకమై గోడమీద రంగులు వేస్తుంది. గోడమీదనే చూడనివ్వండి. సూర్యుణ్ణిగాని, అద్దంలోని సూర్యుణ్ణిగాని పిల్లలు నేరుగా చూడకూడదు.