క్వీ టామ్

ప్రభుత్వాన్ని మోసగించి సొమ్ము కాజేసినవారిపై ప్రభుత్వం తరఫున మామూలు పౌరుడే వేసే దావా ఇది. రాజు కోసమూ, తన కోసమూ అనే అర్థమున్న లాటిన్ మాటల్లోంచి తుంచిన ముక్క ఈ పేరు. అమెరికాలో 1863 నాటి చట్టం దీనికి ఆధారం. ఫిర్యాదు కనీసం 60 రోజులు గోప్యంగా ఉంటుంది. ఈలోగా సర్కారు తాను చేతులు కలపాలో వద్దో తేల్చుకుంటుంది. గెలిస్తే పౌరుడికి 15 నుంచి 30 శాతం వాటా. మన ప్రజా ప్రయోజన వ్యాజ్యంలో (పిల్) ఆ ఆశ లేదు!

న్యూయార్క్ జంట టవర్లు కూలడంపై అధికారిక వివరణను ప్రశ్నించడానికీ 2007లో దీన్నే వాడారు. ప్రభుత్వ దర్యాప్తులో పనిచేసిన కాంట్రాక్టర్లు తప్పుడు వివరాలిచ్చి డబ్బు తీసుకున్నారన్నది ఆరోపణ. 2008లో కోర్టు కొట్టేసింది. 2009లో అప్పీలూ వీగిపోయింది.

అమెరికాలో ప్రభుత్వ కాంట్రాక్టుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగువారికీ ఈ దారి ఉంది. అయితే, ఇది రాజ్యాంగ విరుద్ధమని 2024లో ఫ్లోరిడా జడ్జి ఒకరు తీర్పిచ్చారు. అది అప్పీలుకు వెళ్లింది.