ప్రేగులో కాపలా

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆరోగ్య కేంద్రాల్లో ఆరు వారాల పసిపాపలకు పోలియో చుక్కలతోపాటు రోటా వైరస్ చుక్కలు కూడా వేస్తారు. ఎందుకో తెలుసా?

మన చిన్నప్రేగు లోపలిగోడ మీద మఖమల్ గుడ్డ నూగులా ఆంత్రచూషకాలు ఉంటాయి. ఆహారసారాన్ని, నీటిని పీల్చేవి ఇవే. చక్రంలాంటి రోటా వైరస్ వీటి కొనల్లోని కణాల్లో దూరి, తనవంటివాటిని ఎన్నో తయారుచేయిస్తుంది. కణాలు చచ్చి రాలిపోతాయి. ఇక నీటిని పీల్చేదెవరు? విరేచనాలు పట్టుకుంటాయి. ఒంట్లో నీరు తగ్గి బిడ్డ ప్రాణానికే ముప్పు వస్తుంది.

శరీరం ఊరుకుంటుందా? వైరస్ సోకిన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి పొరుగు కణాలను హెచ్చరిస్తాయి. కొద్దిరోజుల్లో ప్రతిదేహాలు తయారై ప్రేగులో కాపలా కాస్తాయి. అందుకే మళ్ళీ సోకినా జబ్బు అంత తీవ్రంగా రాదు.

ఈ కాపలాను ముందే పెట్టలేమా? 1980లలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో కొందరు పసికందులకు రోటా వైరస్ సోకినా విరేచనాలు కాలేదు. అక్కడ దొరికిన వైరస్ రకంతోనే హైదరాబాదులోని భారత్ బయోటెక్ 'రోటావాక్' తయారుచేసింది. 2016లో ఈ టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అయితే నోరోవైరస్ వంటి ఇతర క్రిములను ఈ టీకా ఆపలేదు. కనుక విరేచనాలు కాగానే ఓ.ఆర్.ఎస్. ద్రావణం తాగించాలి, తల్లిపాలు మాన్పించకూడదు. ఈ సంగతి మీ ఇంట్లోనూ చెప్పండి.