పొయ్యి రాజేయక చేసికొను పలహారములు

మన గోదావరి డెల్టాలో పండుగ వచ్చినదన్న నూనె మూకుడు పొయ్యి యెక్కవలసినదే. బూరెలు, గారెలు, జంతికలు, చేగోడీలు లేని పండుగ పండుగ కాదు. కాజా యన్నచో కాకినాడ పేరే ముందుగా నోటికి వచ్చును. వీనిని మానుకొనుడని చెప్పుటకు మేము పూనుకొనలేదు. పండుగనాటి వంట యొకటి, ప్రతిదినము సాయంకాలము బజారునుండి పొట్లములలో వచ్చు పకోడీలు వేరొకటి. ఈ రెండవదానికి బదులుగా, మన చేల పంటతోనే, నిప్పు ముట్టింపక చేసికొనదగిన పలహారములను గూర్చి యిచట వ్రాయుచున్నాము.

ఆ పకోడీలు వేగిన నూనె మన గానుగది కాదు. మలేషియా, ఇండొనీషియా దేశములనుండి ఓడలలో కాకినాడ రేవునకు పామాయిలు వచ్చి, ఈ ప్రాంతపు కర్మాగారములలో శుద్ధియై బజారునకు చేరుచున్నది. ఏ నూనెయైనను మరల మరల కాచినకొలది చెడును. అట్లు చెడుటవలన పుట్టు పదార్థములు నూటికి 25 పాళ్లు మించిన నూనెను వంటకు వాడరాదని 2018 జూలై 1వ తేదీనుండి ప్రభుత్వ నియమము గలదు. కాని మూకుడు ముందు నిలిచిన రైతునకు దానిని కొలుచు సాధనమేది? నూనె నల్లబడి, నురుగుకట్టి, కన్నులు మండునట్లు పొగ విడుచుచున్నచో అచట కొనకుండుటయే మేలు.

పచ్చి పలహారము మనకు క్రొత్తది కాదు. శ్రీరామనవమినాడు పంచిపెట్టు వడపప్పు నానిన పెసరపప్పే గదా! బియ్యము నానబోసి, దంచి, బెల్లము కలిపిన పచ్చి చలిమిడికి పొయ్యితో పనిలేదు. నువ్వులు, బెల్లము కలిపి దంచిన చిమ్మిలియు నట్టిదే. (బెల్లము మాత్రము పెనములో కాగినదే యని పట్టుదలగలవారు వాదింపవచ్చును. ఆ తగవు మాకు వలదు.)

ఈ విషయమున మన జిల్లాకు ఒక చరిత్ర గలదు. 1929లో మహాత్మాగాంధీ ఆంధ్రదేశమున పర్యటించినపుడు, రాజమహేంద్రవరమున ప్రకృతి చికిత్స చేయుచుండిన సుందరం గోపాలరావుగారు వండని యాహారపు గుణములను వారికి వివరించిరి. గాంధీగారు ఆ మే నెలలోనే ప్రయోగము నారంభించి, జూన్‌లో ‘యంగ్ ఇండియా’ పత్రికలో దానినిగూర్చి వ్రాసిరి. మొలకెత్తిన గోధుమలు, బాదము ముద్ద, పచ్చి ఆకులు, నిమ్మపండ్లు, తేనె వారి భోజనము. వారమున రెండు మూడు మార్లు గోధుమలకు మారుగా మొలక సెనగలు, బాదమునకు మారుగా కొబ్బరిపాలు తీసికొనెడివారు. కాని ఆగస్టు నాటికి జిగట విరేచనములు పట్టి, ఆ ప్రయోగమును విడువవలసి వచ్చెను. కావున మూడు పూటల భోజనమును పచ్చిదిగా చేసికొనుడని మేము చెప్పము. పలహారము మట్టుకే ఈ మాట.

సార్వా వరి కోసిన పిమ్మట చల్లుకొను పెసలు మన యింటనే యుండును. పావుకిలో పెసలను శుభ్రముగా కడిగి, కాచి చల్లార్చిన నీటిలో ఎనిమిది గంటలు నానబెట్టి, నీరు వంచి, ఉతికిన గుడ్డలో మూటగట్టవలెను. పది పండ్రెండు గంటలలో తెల్లని మొన కనబడును. అంతకంటె పెరుగనీయ నక్కరలేదు. వీనిలో మూడవవంతు మెత్తగా రుబ్బి, తక్కినవి కచ్చాపచ్చాగా దంచి, పచ్చికొబ్బరి తురుము, అల్లము, పచ్చిమిరప, కొత్తిమీర, కొద్ది ఉప్పు చేర్చి, నిమ్మరసము పిండి, అరటియాకుపై గారెలవలె తట్టవలెను. నీరు పోసిన ముద్ద నిలువదు. మామిడికాయల కాలమున నిమ్మకు బదులు కోరు వేసినచో రుచి యినుమడించును. చేసిన గంటలోపల తినవలెను.

బూరెలకు బదులు, గింజ తీసిన ఖర్జూరములను, కోనసీమ కొబ్బరి తురుమును, ఏలకుల పొడిని కలిపి దంచి, ఉండలు కట్టి, నువ్వులలో పొర్లించునది. నూనె లేకున్నను తీపి తీపియే గనుక, మధుమేహము గలవారు దీనిని మితముగా ముట్టవలెను. జంతికల కరకరను మాత్రము పచ్చి వస్తువులతో తేగలమని చెప్పుట బూటకము. దోసకాయ, ముల్లంగి ముక్కలపై మిరియపు పొడి చల్లి పిల్లల చేతికిచ్చినచో పంటికి పని దొరకును. అది జంతిక కాదు, అంతే.

ఇక ముఖ్యమైన సంగతి. 2011లో జర్మనీలో మెంతి మొలకలవలన వ్యాపించిన వ్యాధిచే ఏబదిమందికి పైగా మృతినొందిరి. గింజలలోనే చేరియున్న సూక్ష్మక్రిములు మొలకెత్తించు తడిలో, వెచ్చదనములో వృద్ధిచెందును. మన తీరపు ఉక్కలో ఆ భయము హెచ్చేగాని తగ్గదు. కాలువ నీరు, చెరువు నీరు మొలకలకు తగదు. జిగురుపట్టినను, వాసన మారినను పశువులకు సైతము పెట్టక పారవేయవలెను. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు, రోగులకు పచ్చి మొలకలు పెట్టరాదు. వారికి ఉడికించియే యియ్యవలెను. చిక్కుడు గింజలు, సోయా గింజలు ఎవరును పచ్చివిగా తినరాదు. బూజుపట్టిన వేరుసెనగ నుండి విషము పోవునని తలంచి నానబెట్టి కడిగినను అది పోదు.

విత్తనపు సంచుల విషయమున ఏ మాత్రమును ఏమరుపాటు కూడదు. విత్తుటకు తెచ్చుకొన్న పెసలకు తెగులు మందు పట్టించి యుండును. సాధారణముగా దానికి ఎరుపో నీలమో రంగు కలిపెదరు. కాని రంగు కనబడనంతమాత్రమున మందు లేదనుకొనరాదు. కడిగినను, ఎండబెట్టినను అది తినదగినది కాదు. విత్తిన పిమ్మట మిగిలిన గింజలను వంటింటి డబ్బాలో పోయుట కొన్ని యిండ్లలో గలదు. అది వెంటనే మానవలెను. పంట నూర్చిననాడే తిండికి వలయు పెసలు వేరుచేసి, మందు తగులని కుండలో పోసి, మూతపై ‘తిండికి’ అని సుద్దతో వ్రాసి యుంచవలెను. విత్తనపు సంచిని పిల్లలకందని చోట, వంటింటికి వెలుపల కట్టి పెట్టవలెను.