నాచు నుండి నూనె

చెరువు మెట్లు దిగేటప్పుడు పాచి ఉంది, జాగ్రత్త అని పెద్దలు హెచ్చరిస్తారు. ఎందుకూ పనికిరాదని మనం అనుకొనే ఆ పాచి జాతి నుండి ఇంధనం తీయవచ్చు. అది ఎట్లాగో తెలుసుకొందాం.

బెంగళూరుకు తూర్పున మహదేవపుర ప్రాంతం ఉంది. అక్కడి వర్తూరు చెరువు ఒకప్పుడు వరిపొలాలకు నీరిచ్చింది. నగరం పెరిగినకొద్దీ మురుగునీరు బెళ్లందూరు చెరువులోకి, అక్కడి నుండి వర్తూరు చెరువులోకి చేరింది. 2015లో బెళ్లందూరు చెరువుపై పేరుకొన్న నురగకు నిప్పంటుకొన్నది. చెరువు మండడమేమిటని జనం నివ్వెరపోయారు.

మురుగులోని నత్రజని, భాస్వరం నాచుకు ఎరువు. విడివిడిగా కంటికి కనిపించనంత చిన్నవైన నాచు జీవులను సూక్ష్మ శైవలాలు అంటారు. ఇవి సూర్యరశ్మి సాయంతో బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొవ్వులు, మాంసకృత్తులు, పిండిపదార్థాలు తయారుచేసుకొంటాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు వర్తూరు చెరువు శైవలాలను ఇంధనం కోసం పరిశీలించారు.

అయితే ఒక చిక్కు ఉంది. వడకట్టి తీసిన నాచు ముద్దలో ఎక్కువ భాగం నీరే. దానిని ఆరబెట్టడానికే ఎంతో ఇంధనం ఖర్చవుతుంది. మరి ఆ నీటితోనే పని చేయించుకొంటే?

మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగి ఆవిరవుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో పీడనం ఎక్కువ కాబట్టి సుమారు 120 డిగ్రీల వరకు ద్రవంగానే ఉంటుంది. అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది. పీడనాన్ని వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్లు పెంచితే, 350 డిగ్రీల వద్ద కూడా నీరు ద్రవంగానే నిలుస్తుంది. అంత వేడి నీరు నాచులోని పెద్ద అణువులను విడగొడుతుంది. ఆ ముక్కలు మళ్లీ కలిసి నల్లని చిక్కని నూనెగా మారుతాయి. కొవ్వులే కాక మాంసకృత్తులు, పిండిపదార్థాలు కూడా కొంతవరకు నూనె అవుతాయి. నూనెతోపాటు పోషకాలున్న నీరు, వాయువు, కొంత మడ్డి మిగులుతాయి. ఆ నీటిని తిరిగి నాచు పెంపకానికి వాడవచ్చు.

భూగర్భంలోని ముడిచమురు కూడా చాలావరకు ప్రాచీన సముద్రాల సూక్ష్మజీవుల నుండే ఏర్పడింది. ప్రకృతికి లక్షల, కోట్ల సంవత్సరాలు పట్టిన పని అది. 2013లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు పచ్చి నాచు ముద్దను గంటలోపే ముడినూనెగా మార్చే పద్ధతిని ప్రకటించారు.

ఈ నూనెలో నత్రజని, ఆమ్లజని ఎక్కువ. ఉదజనితో శుద్ధి చేస్తేగాని వాహనాలకు పనికిరాదు. అధిక పీడనాన్ని తట్టుకొనే యంత్రాలకు ఖర్చూ ఎక్కువే. అందుచేత నాచు నూనె ఇంకా పెట్రోలుతో పోటీపడలేకపోతున్నది.

నాచు నుండి నూనె వస్తుందని చెరువులో మురుగు వదలరాదు. నాచును చెరువులో కాక, మురుగును శుద్ధిచేసే తొట్లలో పెంచాలి. అప్పుడు ఇంధనమూ దొరుకుతుంది, చెరువుకు మంచి నీరూ చేరుతుంది.

ప్రశ్నలు
1. 350 డిగ్రీల వద్ద కూడా నీరు ద్రవంగా ఎట్లా ఉండగలదు?
2. నాచును ఆరబెట్టకుండా నూనె తీయడం వల్ల లాభమేమి?
3. మీ ఊరి చెరువులోకి నీరు ఎక్కడి నుండి వస్తుందో పెద్దలనడిగి రాయండి.